పుంటికూర మడి

పుంటికూర మడిలో గడ్డి తీస్తున్న నర్సింలు చెయ్యి ఒక మొక్క మొదట్లో ఆగిపోయింది.

కాడ ఎరుపు లేదు. తాను వేసిన పుంటికూర కాడ అడుగు నుంచే ఎర్రబారి ఉంటుంది. ఇది మొదలు నుంచి కొస దాకా ఒకటే పచ్చ. ఆకు మాత్రం అవే చీలికలు, అదే చాపిన పంజా. దారిన పోయేవాడికి రెండూ ఒకటే. గొంతుక్కూచుని పీకేవాడికి కాదు. నర్సింలు ఒక ఆకు కొస తుంచి, బొటనవేలితో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెంటనే ఆ చేతిని తడి మట్టిలో అటూ ఇటూ రుద్దేశాడు.

ఊళ్లో తన అన్న పత్తిసాళ్ల నడుమ గంజాయి పెట్టి ఎక్సైజు జీపెక్కిన రోజున చేను చేనంతా ఇదే వాసన. ఆ సంగతి నర్సింలు ఈ దేశంలో ఎవరికీ చెప్పలేదు. ఒకే గదిలో మంచం పక్కన మంచం వేసుకుని పడుకునే బాబావలికి కూడా చెప్పలేదు.

లేచి నిలబడి చుట్టూ చూశాడు. ఖమీస్ ముషైత్‌ అనే అరబ్బు ఊళ్లో, కొండవాలున కట్టిన ఇల్లది; నర్సింలు ఆ ఇంటి తోటమాలి. పెరడు మెట్లు మెట్లుగా దిగుతుంది. పై మెట్టున దానిమ్మలు, అంజూరలు, ద్రాక్ష పందిరి. అన్నిటికంటే కింద, ప్రహరీగోడ నీడలో, ఇంటివాళ్లు ఎవరూ దిగిరాని చోట, పుదీనా, మిరప, ఈ పుంటికూర మడి. బాబావలి కిందటిసారి రాయచోటి నుంచి వస్తూ పెట్టెలో బట్టల మడతల్లో పెట్టుకొచ్చిన విత్తనం అది. అతను దాన్ని గోంగూర అంటాడు. పేరు దగ్గర ఇద్దరికీ రోజూ వాదులాటే.

కూర మధ్యలో ఇంకా ఉన్నాయేమోనని నర్సింలు కాడలు పక్కకు వంచి చూశాడు. ఉన్నాయి. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, వరసలో కలిసిపోయేలాగా ఎవరో ఆలోచించి పెట్టారు. మొదటిదాన్ని మొదలంటా పట్టుకున్నాడు. పీకెయ్యాలి. పీకి, ఏ గుంతలోనో కప్పెట్టెయ్యాలి. ఎవరైనా అడిగితే గడ్డి అని చెప్పాలి.

"వదిలెయ్, సదీక్."

వెనక మెట్టు మీద తుర్కీ నిలబడి ఉన్నాడు. యజమాని పెద్దకొడుకు. రియాద్‌లో చదువు మధ్యలో వదిలేసి ఇంటికొచ్చి ఆరేడు నెలలైంది. సదీక్ అంటే దోస్తు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ నర్సింలును ఆ మాటతో పిలవలేదు.

తుర్కీ కిందికి దిగొచ్చి, తెల్లని తోబు అంగీ మోకాళ్ల పైకి లాక్కుని, నర్సింలు పక్కనే మట్టిలో గొంతుక్కూచున్నాడు. నర్సింలు గుప్పిట్లోంచి ఆ కాడను మెల్లగా విడిపించాడు.

"ఇవి నావి. నువ్వు నీళ్లు పెట్టు, చాలు. మిగతాది నీకేమీ తెలియదు."

"బాబా చూస్తే..." అన్నాడు నర్సింలు వచ్చీరాని అరబీలో. యజమాని కొడుకులకే కాదు, పనివాళ్లకూ బాబానే.

"బాబాకు మోకాళ్ల నొప్పులు. ఇన్ని మెట్లు దిగడు." తుర్కీ నవ్వాడు. పాడు నవ్వేమీ కాదు, నిద్రచాలని మనిషి నవ్వు. "నీ ఛుట్టీ ఏమైంది? బాబా మళ్లీ కాదన్నాడట కదా?"

ఛుట్టీ అంటే ఇంటికి పోయి వచ్చే సెలవు. రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ పెద్దాయన చెట్ల వైపు చూపించి, వీటిని ఎవరు చూస్తారు అన్నాడు.

"నేను చెప్తాను. నా మాట వింటాడు. నువ్వు వెళ్లొస్తావు." తుర్కీ అతని భుజం తట్టి మెట్లెక్కి వెళ్లిపోయాడు. నర్సింలు చొక్కా భుజం మీద అత్తరు వాసన మిగిలింది.

నర్సింలు చాలాసేపు ఖుర్పీ పట్టుకుని అట్లాగే కూచున్నాడు. తర్వాత మళ్లీ గడ్డి తీయడం మొదలుపెట్టాడు. ఆ మొక్కల చుట్టూ కూడా తీశాడు.

ఆ సాయంత్రం భార్య చిన్నవ్వ వీడియో కాల్ చేసింది. కూతురు ప్రేమలత కొడుకు ఆమె ఒళ్లో కూచుని ఫోన్ను నోట్లో పెట్టుకోబోతున్నాడు. వాడు పుట్టడం, బోర్లాపడటం, పాకడం నర్సింలుకు ఫోన్లోనే. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడట.

"తాత ఏడిరా? తాతను పిలువు," అంటోంది చిన్నవ్వ. వాడు ఫోన్ వెనక్కి తిప్పి చూశాడు, అక్కడున్నాడేమోనని.

"ఈసారి ఛుట్టీ దొరుకుతదే," అన్నాడు నర్సింలు.

"నిజంగనా? ఎవలు జెప్పిండ్రు?"

"దొరుకుతది. నువ్వెవరికీ చెప్పకు."

పక్క మంచం మీద తలగడకు ఆనుకున్న బాబావలి ఆ మాట విన్నాడు. ఫోన్ పెట్టేశాక, "ఏమబ్బీ, సంతోషం మాట నాకు చెప్పకుండా ఇంటికి చెప్తాండావే!" అని లేచొచ్చి నర్సింలు చెవి పట్టుకుని మెలిపెట్టాడు. ఆ ఇంటి డ్రైవరు బాబావలి. నర్సింలు కంటే పదేళ్లు పెద్ద. నర్సింలు వచ్చిన కొత్తలో, సలాం ఎట్లా చెప్పాలో, పెద్దాయన కోపంగా ఉన్నప్పుడు ఎటు నిలబడాలో, నీళ్ల ట్యాంకరు వాడితో ఎట్లా బేరమాడాలో అన్నీ నేర్పినవాడు. మొదటి చలికాలం తన కంబళి అతనికిచ్చి, తాను జంపఖానా కప్పుకున్నవాడు. నర్సింలు చెవి విడిపించుకుని నవ్వాడు. నవ్వు సగంలో పోయింది.

తర్వాతి రోజుల్లో నర్సింలు మడికి నీళ్లు పెట్టాడు. పొద్దున్నే పైపు తెచ్చి, ధార మీద వేలు అడ్డుపెట్టి, వానలాగా పడేలా పట్టేవాడు. మధ్యాహ్నం కొండ మీద మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలితే మడిగట్లు సరిచేసేవాడు. ఒక పొద్దున కొండకోతుల గుంపు దానిమ్మల కోసం గోడ ఎక్కింది. నర్సింలు రేకు డబ్బా వాయించుకుంటూ పరుగెత్తాడు. ఎప్పుడూ పై మెట్టున దానిమ్మల దగ్గర నిలబడేవాడు. ఆ పొద్దున కాళ్లు వాటంతటవే కింది మెట్టుకు దిగాయి. కోతులు నాలుగు కాయలు తెంపుకుని తీరిగ్గా పోయాయి. నర్సింలు డబ్బా పట్టుకుని, కూర మడికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

మొక్కలు ఏపుగా వచ్చాయి. ఎవరూ చెప్పకపోయినా అతని చేతులు వాటికి చెయ్యాల్సినవి చేశాయి. గాలికి వాలిన వాటికి ఊతం పెట్టాడు. పైకి కనబడకుండా పుంటికూర కాడలు నాలుగేసి కలిపి, వాటి ముందు తడకలాగా కట్టాడు. కట్టి, రెండడుగులు వెనక్కి వేసి, చూసుకున్నాడు. బాగా కుదిరిందనిపించింది. అట్లా అనిపించినందుకు ఒళ్లంతా వేడెక్కిపోయింది. పని బాగా చేశానని ఒక్క నిమిషం మురిసిపోయిన మనిషి తానేనా అని చేతులు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో మట్టి. రోజూ ఉండే మట్టే.

శుక్రవారం పొద్దున బాబావలి స్నానం చేసి, గళ్ల లుంగీ ఎగ్గట్టి, పాటలాగా ఏదో గొణుక్కుంటూ మెట్లు దిగొచ్చాడు. చేతిలో స్టీలు గిన్నె. శుక్రవారం గోంగూర మటన్ వండటం అతని వంతు. కూర ఎక్కువ కోసి కట్టలు కట్టి, జుమ్మా నమాజు దగ్గర కలిసే మనవాళ్లకు పంచడం కూడా అతనికి వాడుక.

"ఏమబ్బీ, కూర నా నడుముకొచ్చినాదే! నీ చెయ్యి మంచిదిలే!" అంటూ వంగి ఆకు కొయ్యసాగాడు. కాడ మీద కాడ, చూడకుండానే, అలవాటుగా. చెయ్యి తడక కట్టిన వైపు పోతోంది.

అంజూర చెట్టు దగ్గరున్న నర్సింలు పార పారేసి ఉరికాడు. "కొయ్యకన్నా! కొయ్యకు! మందు గొట్టిన!"

బాబావలి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మందా? కూరకు నువ్వెప్పుడు మందు కొట్టినావు?"

"పురుగువడ్డది. నిన్ననే గొట్టిన."

"చెప్పల్లగదా అబ్బీ! నోట్లో పెట్టుకుని ఉంటే?" బాబావలి గిన్నెలో కోసిన ఆకంతా గోడవతల పారబోసి, పైపు కింద మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. కడుక్కుంటూ, "నా పిల్లోల్ల దగ్గర్నుంచి తెచ్చుకున్న విత్తనం. దానికి మందు కొడ్తివి," అన్నాడు. కోపంగా కాదు, నొచ్చుకుని. ఆ మధ్యాహ్నం మటన్‌లో టమాటాలు వేసి వండాడు. ఇద్దరూ తిన్నారు. ఒక్కసారి మాత్రం "పులుపే లేదు" అన్నాడు బాబావలి.

పెద్దాయన అబూ తుర్కీ ఎందుకు దిగొచ్చాడో నర్సింలుకు అప్పుడు తెలియలేదు. ఒకరోజు సాయంత్రం అసర్ నమాజు తర్వాత, చేతికర్ర ముందు పెట్టి, ఒక్కో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకుంటూ కిందికి వచ్చాడు. పుదీనా దాటాడు. మిరప దాటాడు. కర్ర కొసతో పుంటికూర తడక పక్కకు జరిపి చూశాడు. వంగలేక వంగి ఒక ఆకు తుంచి, వేళ్ల మధ్య నలిపాడు. ఆ నలిపే తీరు నర్సింలు చూశాడు. పెద్దాయనకూ ఆ ఆకు తెలుసు.

"ఇదేమిటి?"

"కూర, బాబా. మా దేశం కూర."

"ఈ విత్తనం ఇక్కడ దుకాణాల్లో దొరుకుతుందా?"

"దొరకదు."

"మరి ఎవరు తెచ్చారు?"

పెద్దాయన అతని మొహం వైపు చూడటం లేదు. నలిపిన ఆకు వైపు చూస్తున్నాడు. పైన, రెండో అంతస్తు కిటికీ పరదా కదిలింది. అక్కడ తుర్కీ ఉన్నాడని నర్సింలుకు తెలుసు. తెలుసు కాబట్టే తల ఎత్తలేదు. గోడ పట్టుకుని నడిచే పిల్లవాడు కళ్లలో మెదిలాడు.

"బాబావలి," అన్నాడు.

అందులో అబద్ధం లేదు. విత్తనం తెచ్చింది బాబావలే. కూర విత్తనం. ఆ ఒక్క మాట కలపడానికి తావుంది. పెద్దాయన వెంటనే కదల్లేదు, ఊపిరి తీసుకునేంతసేపు అక్కడే నిలబడ్డాడు. నర్సింలు కలపలేదు. పెద్దాయన తల ఊపి, ఆకును జేబురుమాల్లో చుట్టుకుని, మెట్లెక్కడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ నర్సింలు వెనకాలే వెళ్లి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. పై దాకా జాగ్రత్తగా ఎక్కించాడు.

బాబావలిని కారు కడుగుతుండగా పిలిచారు. తడి చేతులతోనే పెరట్లోకి వచ్చాడు. పెద్దాయన ఈసారి పై మెట్టునే నిలబడి కర్రతో మడి చూపించాడు. "ఈ విత్తనం నువ్వే తెచ్చావా?"

"నేనే తెచ్చినాను, బాబా. ఇంటి నుంచి." బాబావలి మొహం నిండా నవ్వు. తన కూరను మెచ్చుకోవడానికి పిలిచారనుకున్నాడు.

పెద్దాయన గంజాయికి అరబీలో ఉన్న మాట అన్నాడు. బాబావలికి ఆ మాట అర్థమై, అర్థం కానట్టు చూశాడు. రెండోసారి అన్నాక నవ్వు పోయింది. "లేదు లేదు! వల్లాహి, బాబా, ఇది తినేది! వంట!" పరుగున మడి దగ్గరికి దిగి, చేతికందిన కొమ్మ విరిచి, నాలుగాకులు నోట్లో కుక్కుకుని నమిలాడు. చేతికందింది గోంగూరే. పులుపుకు కళ్లు చిట్లించాడు. "చూడండి! పులుపు! మీరూ తినండి, ఒక్క ఆకు!" అరచేతిలో ఆకులు పెట్టుకుని మెట్లెక్కి పెద్దాయన ముందు చాపాడు. పెద్దాయన మొహం తిప్పుకున్నాడు.

బాబావలి నర్సింలు వైపు తిరిగాడు. పెదాల మీద పచ్చటి రసం. "నువ్వు చెప్పబ్బీ. నాకు వీళ్ల భాషలో కూర పేరు రాలే. నువ్వు చెప్పు, ఇది మనం తింటామని."

నర్సింలు నేల చూశాడు. బాబావలి చెయ్యి అట్లాగే చాపి ఉంది. కొంతసేపటికి వేళ్లు ముడుచుకున్నాయి.

పోలీసులను పిలవలేదు, అది నీ అదృష్టం అన్నాడు పెద్దాయన. కారు తాళాలు, ఫోను తీసుకున్నాడు. ఖురూజ్, అంటే తిరిగిరాని వీసా, కొట్టిస్తాను, మళ్లీ ఈ దేశం మొహం చూడనక్కర్లేదు అన్నాడు. బాబావలికి ఇంటికి ఒక్క ఫోన్ చేసుకోవడానికి మాత్రం తాళాలిచ్చే ముందు సందు దొరికింది. ఆ ఒక్క నిమిషంలో భార్య రేష్మాకు ఏం చెప్పాడో, ఆమెకు ఏం వినిపించిందో. ఆ సాయంత్రం నుంచి అతని కూతురు ఆసిఫా నర్సింలు ఫోనుకు చేస్తూనే ఉంది. తెర మీద ఆ పేరు వెలిగినప్పుడల్లా నర్సింలు ఫోను బోర్లా తిప్పి పెట్టాడు.

మర్నాడు మడి మొత్తం తవ్వి కాల్చెయ్యమన్నాడు పెద్దాయన. నర్సింలు పుంటికూర, గంజాయి, రెండూ కలిపి వేళ్లతో సహా పీకాడు. తట్టలకెత్తి గోడ మూలన ఇనప పీపాలో వేసి కిరసనాయిలు పోశాడు. పచ్చివి కదా, వెంటనే మండలేదు. పొగ మాత్రం లేచింది. రెండు వాసనలూ ఒకటే పొగగా అంజూరల మీద కమ్ముకున్నాయి. పెద్దాయన తలగుడ్డ కొస ముక్కుకు అడ్డం పెట్టుకుని పైన నిలబడి చూశాడు. నర్సింలు కర్రతో కలియబెడుతూ, దగ్గుతూ, కళ్లనీళ్లు తుడుచుకుంటూ చివరి కాడ బూడిదయ్యేదాకా అక్కడే ఉన్నాడు. కళ్లనీళ్లకు పొగ అడ్డం ఉన్నందుకు మేలే అనుకున్నాడు.

గదికి పోతే బాబావలి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రొట్టె ముట్టలేదు.

ఇంకో పొద్దున నర్సింలు ముఖం కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని అతిథులు కూచునే మజ్లిస్ తలుపు దగ్గర చెప్పులు విడిచాడు. పెద్దాయన ఒక్కడే కూచుని ఖర్జూరం గింజలు తీస్తున్నాడు. లోపలికి రమ్మని సైగ చేశాడు. నర్సింలు తివాచీ అంచున నిలబడి, రాత్రంతా కూర్చుకున్న అరబీ మాటలు ఒక్కొక్కటే బయటపెట్టాడు. బాబావలి తెచ్చింది కూర విత్తనమే. రెండో మొక్క వేరే. దాని సంగతి అతనికి తెలియదు. దాన్ని పెట్టింది...

"నేను నిన్ను అడిగానా?" అన్నాడు పెద్దాయన. గొంతు పెంచలేదు.

నర్సింలు ఆగాడు.

"కూచో." దల్లా కూజాలోంచి గహ్వా కాఫీ చిన్న కప్పులోకి వంచి, తానే అతని వైపు జరిపాడు. "నా ఇంట్లో ఎవరేం చేస్తారో నాకు తెలియదనుకున్నావా? ఆ రోజు మెట్లు దిగే ముందే తెలుసు. నాకు కావలసింది ఒక పేరు. నిన్ను అడిగాను. నువ్విచ్చావు."

నర్సింలు చేతిలో కప్పు కాలుతోంది. కింద పెట్టడానికి తోచలేదు.

"ఇప్పుడు కాదంటే, పోలీసులను పిలవాలి. వాళ్లు వచ్చి విత్తనం ఎవరిదని అడగరు, నీళ్లు ఎవరు పోశారని అడుగుతారు. పోసింది ఎవరు?" పెద్దాయన ఒక గింజ తీసి పళ్లెంలో వేశాడు. ఆ గింజనే మళ్లీ ఏరి, మళ్లీ పళ్లెంలో వేశాడు. ఆయనకూ ఈ మాటలు తేలిగ్గా రావడం లేదని నర్సింలుకు అర్థమైంది. అర్థమై ఒరిగిందేమీ లేదు. "బాబావలి మంచివాడు. నాకు తెలుసు. ఇంటికి పోతాడు, బతికి ఉంటాడు, పిల్లల దగ్గర ఉంటాడు. నువ్వూ ఇంటికి వెళ్లిరా. నీ ఛుట్టీ ఈ వారమే చేయిస్తాను. తుర్కీ చెప్పాడు."

నర్సింలు గహ్వా తాగాడు. ఎందుకు తాగాడో తెలియదు. ఇచ్చినప్పుడు తాగాలని నేర్పింది బాబావలే.

గదిలో బాబావలి పెట్టె సర్దుకుంటున్నాడు. కూతురికి కొన్న గౌను, తెల్ల చీర ఒకటి, నొప్పుల తైలం సీసాలు. సీసాలను బనియన్లలో చుట్టి, మధ్యలో దోపుతున్నాడు. నర్సింలు తలుపు దగ్గరగా వేసి నేల మీద కూచున్నాడు.

"అన్నా. ఆ మడిల గంజాయి ఉండే."

బాబావలి చేతులు ఆగాయి.

"నీ కూర నడుమ తుర్కీ పెట్టిండు. నేను చూసిన. పీకలే. నీళ్లు వోసిన. బాబా ఎవలు తెచ్చిండ్రంటే నీ పేరు జెప్పిన."

బాబావలి మంచం మీద కూలబడ్డాడు. ఇప్పటిదాకా పెద్దాయన గోంగూరను చూసి పొరబడ్డాడనే అనుకుంటున్నాడు. ఆయన కళ్లు తెరవాలని అల్లాను అడుక్కుంటున్నాడు. ఇప్పుడు లోపల ఒక్కొక్కటీ జరుపుకుని చూసుకుంటున్నట్టు కళ్లు అటూ ఇటూ కదిలాయి.

"శుక్రవారం నేను కోస్తాంటే మందు కొట్టినా అంటివే," అన్నాడు చివరికి. "అది నన్ను కాపాడనీకా, దాన్ని కాపాడనీకా?"

ఇప్పటికైనా నిజం చెప్దామనే వచ్చాడు నర్సింలు. కానీ ఇందులో నిజమేదో అతనికే తెలియలేదు.

"కొట్టన్నా. తిట్టన్నా."

"కొడ్తే నీకు బాగుంటాది," అన్నాడు బాబావలి. సీసా చేతిలోకి తీసుకుని, మూత బిగించి, మళ్లీ బిగించి, పెట్టెలో పెట్టాడు. "బాబా దగ్గరికి పోయి చెప్పల్లేదా?"

"చెప్పిన. ఆయనకు ముందే ఎరుకట."

బాబావలి తల ఊపాడు. అది ఆశ్చర్యపోయిన ఊపు కాదు. చెయ్యి చాపాడు. "నీ ఫోనియ్యి."

నంబరు తానే నొక్కి, మోగుతుండగా నర్సింలు చేతిలో పెట్టాడు. "నా కూతురు. నేనే గంజాయి అమ్మినానని ఊరంతా అంటాంటే కాలేజీ మానేసి కూచుందంట, నమాజు కాడ మనోళ్లు చెప్పినారు. నా మాట నమ్ముతాది, నమ్మదని కాదు. నువ్వు చెప్పు. నీ నోటితో."

నర్సింలు చెవికి పెట్టుకున్నాడు. అవతల గొంతు వెంటనే వచ్చింది. "నర్సింలు మామా? మా నాయన యాడున్నాడు? తిన్నాడా?"

"ఉన్నడు బిడ్డా. ఈడనే ఉన్నడు." గొంతు సవరించుకున్నాడు. "మీ నాయనకు ఏం తెల్వదు. ఆయన తెచ్చింది కూర విత్తనమే. గంజాయి ఈ ఇంటోళ్ల కొడుకుది. నీళ్లు వోసింది నేను. మీ నాయన పేరు జెప్పింది నేను."

అవతల దూరంగా ఎవరో కుక్కర్ దింపిన చప్పుడు.

"మరి మా నాయన పేరెందుకు చెప్పినారు మామా?"

కోపంగా అడగలేదు. లెక్కలో ఒక మెట్టు అర్థం కాని పిల్ల మాస్టారును అడిగినట్టు అడిగింది. ఆమె ఎదురుచూస్తోంది. ఫోనులో ఆమె ఊపిరి వినిపిస్తోంది.

బాబావలి వంగి, అతని చేతిలోంచి ఫోను మెల్లగా తీసుకున్నాడు. "చాల్లే పాపా. మామ చెప్పినాడు గదా. రేపు కాలేజీకి పో. నేను వస్తాండా." కూతురితో ఇంకా ఏవో రెండు మాటలు ఉర్దూలో మాట్లాడి, ఫోను తిరిగిచ్చి, పెట్టె జిప్పు లాగాడు. జిప్పు పట్టలేదు. నర్సింలు లేచి పెట్టె మీద మోకాలు పెట్టి అదిమాడు. ఇద్దరూ కలిసి లాగితే పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం తుర్కీ కారు తీశాడు. అబహా విమానాశ్రయం దూరం కాదు. ఇన్నేళ్లు తాను నడిపిన బండిలో ఎక్కడ కూచోవాలో బాబావలికి తెలియలేదు. ముందు తలుపు మీద చెయ్యి వేసి, తీసేసి, వెనక ఎక్కాడు. నర్సింలు పెట్టె డిక్కీలో పెట్టి కిటికీ దగ్గరికి వచ్చాడు. బాబావలి అద్దం దించలేదు. అట్లాగని మొహమూ తిప్పుకోలేదు. కారు గేటు దాటేదాకా అతని వైపే చూశాడు. తుర్కీ నల్లద్దాలు పెట్టుకుని ఎటూ చూడలేదు.

ఆ సాయంత్రమే నర్సింలు ఫోనుకు సందేశం వచ్చింది. వెళ్లి తిరిగొచ్చే వీసా అయింది. తన పేరు, పాస్‌పోర్టు నంబరు, గడువు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఖాళీ మంచం పక్కన తన మంచం మీద కూచుని, చిన్నవ్వకు ఉత్త ఫోను కలిపాడు. వీడియో పెట్టలేదు.

"ఏమయ్యింది? ఛుట్టీ ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు. ఒక సంగతి చెప్త, నడిమిట్ల మాట్లాడకు."

మొదట్నుంచి చెప్పాడు. ఆకు నలిపిన దగ్గర్నుంచి, నీళ్లు పెట్టడం, తడక కట్టడం, బాగా కుదిరిందనుకోవడం, అన్నీ. ఆసిఫా అడిగిన మాటా చెప్పాడు. "ఆ పిల్లకు చెప్పలేకపోయిన. భయపడి గాదే నేను ఆ పేరు జెప్పింది. భయం తర్వాత అచ్చింది. ముందుగాల ఛుట్టే యాదికచ్చింది."

అవతల చిన్నవ్వ దగ్గర పిల్లవాడు ఏదో నేలకేసి కొడుతున్న చప్పుడు. ఆమె వాణ్ని ఎవరికో అందించినట్టుంది, చప్పుడు దూరమైంది.

"ఎన్నడు దిగుతున్నవ్?"

"పై వారం."

"ముందుగాల రాయచోటికి పో. ఆయన ఇంటి ముంగట, ఆ వాడకట్టోళ్లు ఇంటుంటే చెప్పు. ఆ పిల్లకు జవాబియ్యి. ఎనుకసీరి మనింటికి రా."

"అది ఏడుంటదో సుత నాకెరుక లేదు."

"అడుగుకుంట పో. ఆ దేశం పోంగ అడుగుకుంటనే పోలేదా?" కాసేపాగి, "వీడియో పెట్టు," అంది. "నీ మొఖం సూడాలె."

నర్సింలు వేలు తెర మీద ఆగింది. తర్వాత నొక్కాడు. ఆమె కంటే ముందు తన మొహమే తెర నిండా వచ్చింది.